ప్రమాదం జరగని రోజులు

ఫ్యాక్టరీ ఆఫీసు గది
బోర్డు: 1,402

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట నేనే కాదు, మా గేటు దగ్గరి బోర్డు కూడా చెబుతోంది. దాని మీద "ప్రమాదం జరగని రోజులు: 1,402" అని ఉంది. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ పాత అంకె తుడిచి కొత్తది రాస్తాడు.

ఫోన్లు మానేసి ఉత్తరాలు రాసుకోమని బావగారు తీర్పు చెప్పాక ఇదే మొదటి ఉత్తరం. ఆయన అన్నదీ నిజమే. ఫోన్‌లో మనం మూడో నిమిషానికల్లా దెబ్బలాటకి దిగుతాం. ఐదో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డు రాలేవు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

సంగతేమిటంటే, మా అట్టపెట్టెల ఫ్యాక్టరీకి కిందటి వారం తనిఖీ అధికారి వచ్చాడు. గోడకి వేలాడుతున్న ప్రథమ చికిత్స పెట్టెని చూసి, "ఇందులో ఏమేం ఉండాలో ఎవరు నిర్ణయించారు?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. "ఇక్కడ ఎవరికి ఎలాంటి దెబ్బలు తగలొచ్చో ఎప్పుడైనా చూసుకున్నారా?" అన్నాడు. మా యజమాని చుట్టూ చూశాడు. పెట్టెకి దగ్గరగా నిలబడి ఉన్నది సూపర్‌వైజర్నైన నేనే. అంతే, పని నా నెత్తిన పడింది. "ప్రథమ చికిత్స అవసరాల అంచనా" అనే కాగితం నాలుగు నెలల్లో రాసి ఇవ్వాలట.

పెట్టె తెరిపించాను. దాని తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర ఉంటుంది. అతను నాలుగింటికి ఇంటికి వెళ్లిపోతాడు. రెండో షిఫ్టు మొదలయ్యేదీ నాలుగింటికే. లోపల ఎండిపోయిన టింక్చర్ సీసా, గోడగడియారం బ్యాటరీలు రెండు, సగం టీపొడి పొట్లం, యజమాని పాత కళ్లజోడు ఉన్నాయి. కత్తెర పురికొస కత్తిరించడానికని ప్యాకింగ్ సెక్షన్‌కి వెళ్లి ఆరేళ్లయిందట.

ప్రమాదాల రిజిస్టర్ కూడా తీశాను. లోపల అంతా తెల్లగా ఉంది. కాబట్టి అంచనా తేలికే. పనివాళ్లు ఎనభై ఆరుగురు, ప్రమాదాలు సున్నా, కావలసింది ఒక దూది చుట్ట. అరపేజీలో ముగించి దీనితో జత చేశాను. నువ్వు ఇరవై ఆరేళ్లుగా నర్సువి, ఇప్పుడు వార్డు ఇన్‌చార్జివి కూడా. బాగుందని ఒక్క ముక్క రాసేస్తే పంపించేస్తాను.

ఇంకో మాట. బోర్డు 1,500 చేరితే ప్రతి నెలా రెండో శనివారం అందరికీ సెలవు ఇస్తానని యజమాని మాట ఇచ్చాడు. ఇంక తొంభై ఎనిమిది రోజులు. ఇక్కడ అందరూ కేలండర్ చూడటం మానేసి బోర్డే చూస్తున్నారు. నేను కూడా ఉత్తరం మీద తేదీ బదులు అదే వేశాను.

నీ తమ్ముడు


నర్సుల గది, మూడో అంతస్తు
బుధవారం

ఒరేయ్ తమ్ముడూ,

ముందు ఆశీస్సులు. ఇక తిట్లు.

నీ అరపేజీ చదివాను. మా వార్డులో ఒకాయన తొందరగా ఇంటికి వెళ్లిపోవాలని థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచి చూపించేవాడు. నీ కాగితమూ ఆ బాపతే. రిజిస్టర్‌లో సున్నా ఉందంటే ఎవరికీ దెబ్బ తగల్లేదని కాదురా, ఎవరూ రాయలేదని. అట్ట కోసే మిషను, పిన్నులు కొట్టే మిషను, సలసల కాగే జిగురు ఉన్న చోట ఎనభై ఆరుగురు నాలుగేళ్లపాటు చుక్క రక్తం కార్చకుండా పని చేశారంటే వాళ్లు మనుషులై ఉండరు.

కుర్చీలోంచి లే. ఒక్కో సెక్షన్‌లో గంటసేపు నిలబడు. మిషన్లని తరవాత చూడొచ్చు, ముందు వేళ్లు చూడు. ఎవరి సంచీలో ఏ మందు ఉందో అడుగు. రెండో షిఫ్టులో ఎవరైనా పడిపోతే పక్కవాడు ముందు ఏం చేస్తాడో అడుగు. షుగరు ఉన్నవాళ్లెవరు, మూర్ఛ వచ్చేవాళ్లెవరు, గర్భిణులెవరు తెలుసుకో, కాని అందరిముందూ అడగకు. గడియారం పట్టుకుని గేటు నుంచి ఆస్పత్రి దాకా వెళ్లిరా. ఎంత సేపు పట్టిందో రాయి. ఎంత పడుతుందని అనుకున్నావో అది రాయకు.

పెట్టెకున్న తాళం ఇవాళే తీసి పారెయ్. టీపొడి నువ్వే ఉంచుకో.

జరిగింది జరిగినట్టు రాయడం తప్ప ఇందులో పెద్ద విద్యేమీ లేదు. రాయడానికి భయపడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించకు. పని ఎక్కువగా ఉంది.

మీ అక్క


ఫ్యాక్టరీ ఆఫీసు గది
బోర్డు: 1,415

అక్కకి,

నువ్వు చెప్పినట్టే వేళ్లు చూశాను. ఎనభై ఆరుగురికి ఎనిమిది వందల అరవై ఉండాలి. ఎనిమిది వందల యాభై ఎనిమిదిన్నర లెక్కకొచ్చాయి. లేని ఒకటిన్నరా బోర్డు పెట్టకముందే పోయాయని అందరూ ఒకే గొంతుతో చెప్పారు.

ఉన్న వేళ్లలో నలభై ఒకటికి గోధుమరంగు టేపు చుట్టి ఉంది. పెట్టెలు అంటించే టేపు. కింద గుడ్డపేలిక, పైన టేపు. ఇన్నాళ్లూ పని చేస్తుంటే అంటుకుందనుకున్నాను. పదకొండేళ్లుగా ఇక్కడే తిరుగుతున్నాను, నా కళ్లు ఎక్కడ పెట్టుకున్నానో తెలీదు.

ఆస్పత్రికి బండిలో పదకొండు నిమిషాలు పట్టింది. బండి దొరకడానికి ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. రెండో షిఫ్టులో ఎవరైనా పడిపోతే ఏం చేస్తారని అడిగితే, "ముందు మిషను ఆపుతాం సార్, తరవాత డాక్టరమ్మని పిలుస్తాం" అన్నారు.

ఈ డాక్టరమ్మ జిగురు సెక్షన్‌లో పనిచేసే పెద్దావిడ. అందరూ అలాగే పిలుస్తారు. పొద్దున్న షిఫ్టు అయిపోయినా ఆవిడ ఆరింటిదాకా ఇక్కడే ఉంటుంది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. బల్ల కింద బిస్కెట్ల డబ్బాలో ఆవిడ సరంజామా ఉంది. ఉతికి మడతపెట్టిన పాత గుడ్డలు, తేనె, పసుపు, టూత్‌పేస్టు. కాలితే టూత్‌పేస్టు రాస్తుందట. నువ్వు ఇక్కడ లేకపోవడం ఆవిడ అదృష్టం.

అసలు సంగతి డబ్బా అడుగున ఉంది. ఆవిడకి చదువు రాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఒక అట్టముక్క మీద బొమ్మ వేసి పక్కన గీత గీస్తుంది. వేలు, కన్ను, పాదం, నిప్పు. అట్ట రెండువైపులా నిండిపోయింది. ఎందుకమ్మా ఇది అని అడిగాను. "ఎవరికి ఎప్పుడు కట్టు మార్చాలో గుర్తుండొద్దా బాబూ" అంది. గీతలు లెక్కపెట్టనిమ్మన్నాను. డబ్బా మూత పెట్టేసింది. "ఇది బయటికొస్తే బోర్డు సున్నా అయిపోతుంది. అందరి శనివారం నేనెందుకు పోగొట్టాలి?" అంది.

డబ్బా అక్కడే వదిలి వచ్చేశాను. తాళం మాత్రం తీసి పారేశాను.

నీ తమ్ముడు


నర్సుల గది, మూడో అంతస్తు
శుక్రవారం

ఒరేయ్,

టూత్‌పేస్టు దగ్గరే నాకు ప్రాణం పోయింది. కాలిన చోట పంపు కింద పెట్టి ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పోయాలి. ఐదు కాదు, పది కాదు, ఇరవై. ఐసు వద్దు, పేస్టు వద్దు, తేనె వద్దు. తరవాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి పంపాలి. ఈ మాట నువ్వు చెబితే వినదు. గడియారం పక్కన పెట్టి, నీ చెయ్యి పంపు కింద పెట్టి చూపించు.

అయినా నువ్వు వెతుకుతున్న మనిషి దొరికిందిరా. ప్రథమ చికిత్సకి ఎవరిని పెట్టాలని అడిగితే జనం డిగ్రీ ఉన్నవాణ్ని వెతుకుతారు. దెబ్బ తగిలినప్పుడు నలుగురూ ఎవరి దగ్గరికి పరిగెడతారో ఆ మనిషికే నేర్పించాలి. ఆవిడకి శిక్షణ ఇప్పించు. రెండో షిఫ్టుకి ఇంకొకరిని ఆవిణ్ణే ఎంచుకోమను.

ఆ అట్ట సంపాదించు. కాళ్లావేళ్లా పడు. ఆవిడ గీసిన గీతలే నీ అంచనా. ఏ సెక్షన్‌లో ఏ బొమ్మ ఎక్కువ ఉందో చూస్తే ఎక్కడ ఏం పెట్టాలో అదే చెబుతుంది. ఆవిడ పేరు బయటపెట్టనని మాట ఇవ్వు. ఇచ్చాక తప్పకు.

ఈ వారం రెండు రోజులు సెలవు పెట్టాను. ఏం లేదు, రక్తపరీక్ష. ఈ వయసులో అందరూ చేయించుకునేదే.

మీ అక్క


ఫ్యాక్టరీ ఆఫీసు గది
బోర్డు: 1,431

అక్కకి,

కాళ్లావేళ్లా పడ్డాను. పంపు కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టి చూపించాను కూడా. పదమూడో నిమిషంలో డాక్టరమ్మ, "ఇంక చాల్లే బాబూ, జలుబు చేస్తుంది" అని అట్ట ఇచ్చింది.

మొత్తం రెండువందల పన్నెండు గీతలు. వేళ్లు నూట ముప్పై ఒకటి. కాలినవి ముప్పై ఏడు, దాదాపు అన్నీ జిగురు సెక్షన్‌లోనే. కళ్లలో అట్టపొట్టు పడ్డవి ఇరవై రెండు. పాదాలు పద్నాలుగు. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ఎనిమిది మంది. ఇవన్నీ ప్రమాదం జరగని రోజుల్లోనే జరిగాయి.

అంచనా ఇప్పుడు ఏడు పేజీలయింది, నకలు దీనితో జత చేశాను. ఒక్క పెట్టె చాలదు, మూడు కావాలి. జిగురు సెక్షన్ పక్కనే పంపు కావాలి, ఇప్పుడున్నది పెరట్లో అరవై అడుగుల దూరంలో ఉంది. కోత సెక్షన్‌లో కళ్లు కడుక్కునే సీసాలు కావాలి. రెండు షిఫ్టులకీ నేర్చిన మనుషులు కావాలి. ఫోన్ చేయగానే వచ్చే బండి కావాలి. ఇవన్నీ ఎందుకని యజమాని అడిగితే మాత్రం రెండువందల పన్నెండు చూపించాలి. చూపిస్తే ఆ రోజే బోర్డు సున్నా.

ఈ సంగతి ఎలాగో బయటికి పొక్కింది. నిన్న భోజనాల వేళ కోత మిషను పహిల్వాను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరుకే పహిల్వాను, మనిషి నా భుజం దాకా రాడు. "సార్, ఇంక డెబ్భై రోజులు కూడా లేదు. అది అయ్యాక మీరేం రాసుకున్నా మేం అడగం" అన్నాడు. మా అబ్బాయి నన్ను శనివారం ఇంట్లో ఎప్పుడూ చూడలేదు సార్ అని వెనకనించి ఇంకొకాయన అన్నాడు.

ఇంతవరకూ నీకు చెప్పని ముక్క ఒకటుంది. ఆ బోర్డు ఆలోచన నాది. నాలుగేళ్ల కిందట యజమానికి నేనే చెప్పి, నేనే రంగు వేయించి, నేనే మేకులు కొట్టాను. అందరూ జాగ్రత్తగా ఉంటారనుకున్నాను. జాగ్రత్తగానే ఉన్నారు, రిజిస్టర్ జోలికి పోకుండా.

డెబ్భై రోజులు ఆగి ఇస్తే కొంప మునుగుతుందా? నువ్వు చెప్పు. ఎలాగూ కొత్త రిజిస్టర్ పెట్టాలి కదా, మీ వార్డులో నర్సులకి దెబ్బలు తగిలితే రాసుకునే పుస్తకంలోంచి ఒక పేజీ నమూనా పంపు. దాన్ని చూసి గీతలు కొట్టుకుంటాను.

నీ తమ్ముడు


నర్సుల గది, మూడో అంతస్తు
మంగళవారం

ప్రియమైన తమ్ముడికి,

ఉత్తరం అందింది. చాలా శ్రమ తీసుకున్నావు, సంతోషం. ఏడు పేజీలూ బాగున్నాయి.

డెబ్భై రోజులు ఆగడం గురించి అడిగావు. మిగతావాళ్ల మాట కూడా చూడాలి కదా. నీకు ఆగాలనిపిస్తే ఆగు.

మా దగ్గర రోగుల కోసం పదిహేడు పుస్తకాలున్నాయి. సిబ్బందికి నువ్వడిగినటువంటిది ఒకటి ఎక్కడో ఉండాలి, ఎవరూ వాడరు. వీలైతే వెతుకుతాను.

ఇక్కడ వాతావరణం బాగుంది. ఆరోగ్యం జాగ్రత్త.

మీ అక్క


ఫ్యాక్టరీ ఆఫీసు గది
బోర్డు: 1,447

అక్కా,

నీ ఉత్తరం మర్యాదగా ఉంది. నలభై రెండేళ్లలో నువ్వు నాతో మర్యాదగా మాట్లాడింది ఒక్కసారే, నాన్న పోయిన రోజు. అందుకని బావగారికి ఫోన్ చేశాను. మనిద్దరం ఫోన్ చేసుకోకూడదన్నారు కాని, ఆయనకి చేయకూడదని అనలేదు.

ముందు ఆయన కూడా వాతావరణం గురించే చెప్పారు. గట్టిగా అడిగితే, నువ్వు నెలరోజులు అలారం పెట్టుకుని మాత్రలు మింగావని, వాంతులు చేసుకున్నావని, ఎందుకని అడిగితే ఎసిడిటీ అన్నావని చెప్పారు. ఎసిడిటీకి అలారం పెట్టుకోవడం ఆయన ఎక్కడా చూడలేదట. ఆయన భయపడుతున్నారు. నేను కూడా భయపడుతున్నాను. ఏమైందో రాయి.

నా సంగతి కూడా చెబుతాను. డెబ్భై రోజులు ఆగితే కొంప మునుగుతుందా అని అడిగాను కదా. వారం తిరిగేసరికే మునిగింది. జిగురు సెక్షన్‌లో రేడియో అని ఒకాయన ఉన్నాడు. నోటికి తాళం ఉండదు కాబట్టి ఆ పేరు. 1,438 నాడు మరిగే జిగురు తొణికి ముంజేతి మీద పడింది. ఆయన అరవలేదు. ఉన్నట్టుండి మాటలు ఆగిపోయేసరికి డాక్టరమ్మకి అనుమానం వచ్చి వెళ్లి చూసిందట. అరవడానికి నోరు తెరిచి, బోర్డు గుర్తొచ్చి మూసుకున్నాడట.

ఆవిడ పెరట్లో పంపు కింద ఇరవై నిమిషాలూ లెక్కపెట్టి నీళ్లు పోసింది. ఆ తరవాతే తప్పు జరిగింది. నలుగురూ కలిసి రేడియోని వెనక గేటులోంచి తీసుకెళ్లి, ఇంట్లో వేడినీళ్లు పడ్డాయని ఆస్పత్రిలో చెప్పారు. డాక్టరు వేడినీళ్లకి చేసే కట్టే కట్టాడు. అడుగున అతుక్కున్న జిగురు సంగతి ఎవరూ చెప్పలేదు. వారానికల్లా చీము పట్టి జ్వరం వచ్చింది. ఇప్పుడు ఆస్పత్రిలోనే ఉన్నాడు. చెయ్యి దక్కుతుందట కాని, రెండు వేళ్లు సరిగా ముడుచుకోవంటున్నారు.

నిన్న చూడ్డానికి వెళ్లాను. "బోర్డు ఎంతైంది సార్?" అని అడిగాడు. చెప్పాను. పరవాలేదన్నట్టు తల ఊపాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నీ తమ్ముడు


ఇల్లు
ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

బావగారికి కూడా ఇవాళే చెప్పాను. ఆయన లేచి వెళ్లి టీ పెట్టి తెచ్చారు. పంచదార వెయ్యడం మర్చిపోయారు. నేనూ అడగలేదు.

నీ మొదటి ఉత్తరం రావడానికి ముందురోజు, మధ్యాహ్నం మందుల వేళ. మా వార్డులో కొత్త సిస్టర్ ఒకావిడ చేరింది. కొత్త అంటే చిన్నపిల్ల కాదు, ఇద్దరు పిల్లల తల్లి. పదేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగానికి వచ్చింది. ఇంకా ఖాయం కాలేదు. రక్తం తీసిన సూదికి మూత పెట్టబోతోంది. అలా పెట్టకూడదని చెబుతూ నేను చెయ్యి చాచాను. ఆవిడ ఉలిక్కిపడింది. సూది నా చూపుడువేల్లో దిగింది. ఆ మంచం మీది మనిషికి హెచ్‌ఐవీ ఉంది.

సబ్బుతో కడుక్కున్నాను. రాయాలి, పై వాళ్లకి చెప్పాలి. ఇది నేను ఏటా కొత్తవాళ్లకి చెప్పే పాఠం. రాస్తే ఆవిడ ఉద్యోగం పోతుందనుకున్నాను. ఇరవై ఆరేళ్ల మనిషి సూది పొడిపించుకుందని నలుగురూ అనుకుంటారని కూడా అనుకున్నాను. ఏది ఎక్కువ అనుకున్నానో ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను. "ఏం కాలేదు, వెళ్లి పని చూసుకో" అని ఆవిడకి చెప్పాను. తెలిసిన డాక్టరు చేత చాటుగా మాత్రలు రాయించుకుని ఇరవై ఎనిమిది రోజులు మింగాను.

రాయడానికి భయపడేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుందని నీకు ఆ వేలితోనే రాశాను.

ఆరు వారాల పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. మూడు నెలలకి ఇంకోసారి చేస్తారు, ఫర్వాలేదనే అంటున్నారు. ఇలా గుచ్చుకున్నవాళ్లు వెయ్యిమందిలో ముగ్గురికే అంటుకుంటుందని ఇన్నేళ్లుగా అందరికీ ధైర్యం చెప్పాను. ఈ నలభై రోజులూ ఆ ముగ్గురి గురించి తప్ప మరొకటి ఆలోచించలేదు. చాలా భయమేసిందిరా.

రేడియో సంగతి చదివి కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఆగితే ఆగు అని నీకు రాసింది నేనే. అది సలహా కాదు, నా తప్పుకి తోడు వెతుక్కోవడం. నీ ఏడు పేజీలూ రేపే ఇచ్చెయ్.

మీ అక్క


ఫ్యాక్టరీ ఆఫీసు గది
బోర్డు: 4

అక్కకి,

పైన అంకె సరిగానే రాశాను.

నీ ఉత్తరం అందిన రోజు నాలుగింటికి, ఒక షిఫ్టు వెళ్తూ ఇంకో షిఫ్టు వస్తుండగా, గేటు దగ్గరికి తడిగుడ్డ పట్టుకుని వెళ్లాను. వాచ్‌మన్, "అంకె పొద్దున్నే మార్చాను సార్" అన్నాడు. తెలుసన్నాను. 1,456 తుడిచి సున్నా రాశాను. వెనక్కి తిరిగేసరికి ఎనభై మంది దాకా నిలబడి ఉన్నారు. ఈ బోర్డు పెట్టించింది నేనేనని, దీనివల్లే రేడియో నోరు మూసుకున్నాడని చెప్పాను.

రిజిస్టర్‌లో మొదటి గీత రేడియోది. డాక్టరమ్మ పేరు రాయకుండా రెండువందల పన్నెండూ కూడా ఎక్కించి, ఏడు పేజీలూ యజమానికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు. పంపు, పెట్టెలు, శిక్షణ అన్నిటికీ సరేనన్నాడు. శనివారం సంగతి అడిగితే, "నేను మాటిచ్చింది పదిహేను వందలకి కదా" అన్నాడు. రోజులకి కాదు సార్, మనుషులకి ఇవ్వండి అని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. ఇవ్వడనే అనుకుంటున్నాను.

నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నా టీ అందరికంటే ఆఖరున, చల్లారాక వస్తోంది. తాగుతున్నాను.

ఇవాళ పొద్దున్న పహిల్వాను నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తెగిన బొటనవేలు నా ముఖం ముందు పెట్టి, "రాసుకోండి" అన్నాడు. అంత కోపంగా ప్రథమ చికిత్స చేయించుకున్న మనిషిని నేను చూడలేదు. కాని వచ్చాడు. కట్టు కట్టించి, రాసి, సంతకం పెట్టించుకున్నాను.

నమూనా పేజీ నువ్వు పంపలేదు కాబట్టి నాదే నీకు పంపుతున్నాను. తేదీ, పేరు, ఏం జరిగింది, ఏం చేశారు, సంతకం. అన్నీ స్కేలు పెట్టి గీశాను. ఇందులో నీ సంగతి రాయి అక్కా. నిన్ను ఏమైనా అంటారేమోనని నాకూ బెంగగానే ఉంది. అయినా రాయి.

నీ తమ్ముడు


నర్సుల గది, మూడో అంతస్తు
శనివారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ పేజీ అందింది. గీతలు వంకరగా ఉన్నాయి. అయినా వాడుకున్నాను.

గురువారం పొద్దున్న నా సంగతి రాసి, సంతకం పెట్టి, సూపరింటెండెంట్‌గారి దగ్గరికి తీసుకెళ్లాను. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నారాయన. కొత్త సిస్టర్ ఉద్యోగం పోతుందని చెప్పలేదన్నాను. ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. "సూది గుచ్చుకుందని ఇక్కడ ఎప్పుడైనా ఎవరినైనా తీసేశామా?" అన్నారు. గుర్తు చేసుకున్నాను. ఒక్కరిని కూడా తియ్యలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తీస్తారో తియ్యరో ఎవరికీ తెలీదు. తీసేస్తారని మాత్రం అందరికీ తెలుసు.

ఆ పేజీని నర్సుల గదిలో గోడకి అంటించాను. మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చి వాళ్ల సంగతులు రాశారు. సాయంత్రం డ్యూటీ దిగేముందు కొత్త సిస్టర్ వచ్చింది. నా గీత ముందు చాలాసేపు నిలబడింది. "మీరు మాత్రలు వేసుకున్నారా మేడమ్?" అని అడిగింది. ఏం చేశారు అన్న చోట రాశాను కదా, అది చదివి.

వేసుకున్నానన్నాను. ఆవిడ నా గీత మీద వేలు పెట్టింది. "మీరు కడుక్కుని వెళ్లిపోయారు కదా. ఏం కాలేదన్నారు. అంత అనుభవం ఉన్న మీరే అలా చేస్తే, కడుక్కుంటే చాలేమో అనుకున్నాను."

చెత్తసంచీ కడుతుంటే ఆవిడకి సూది గుచ్చుకుందట. ఎవరిదో తెలీదు. నాకు గుచ్చుకున్న పందొమ్మిదో రోజున. సబ్బుతో కడుక్కుని పని చూసుకుంది. ఎవరికీ చెప్పలేదు. మాత్రలు మూడు రోజుల్లోపే మొదలుపెట్టాలి. నలభై రోజులు దాటిపోయాయి.

ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. వెయ్యిలో ముగ్గురు అని చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ ఏడవలేదు. రెండోవాడికి ఆరేళ్లు మేడమ్ అంది, అంతే. సూపరింటెండెంట్‌గారికి నేనే చెప్పాను. పరీక్షకి రాయించాను.

నిన్న నీ పేజీలో నాలుగో గీత మీద ఆవిడ పేరు రాశాను. తేదీ వెయ్యడానికి చెయ్యి రాలేదు. నా తేదీకీ ఆ తేదీకీ మధ్య పందొమ్మిది రోజులున్నాయిరా. ఆ రోజుల్లో ఏ ఒక్క రోజు నేను రాసి ఉన్నా ఆవిడ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. చివరికి ఆవిడే కలం తీసుకుని వేసుకుంది.

సోమవారం ఎనిమిదింటికి లాబ్ తెరుస్తారు. ఆవిడ భర్త పిల్లల్ని బడికి దింపాలట, రాలేడు. నేను వెళ్తున్నాను.

మీ అక్క